నిఖత్ జరీన్ డైట్ మనకు సెట్ అవ్వదు, ఆమె పద్ధతి సెట్ అవుతుంది: 4 వేల రూపాయల గ్యాడ్జెట్లతో నా 120 రోజుల అనుభవం

ఈ సైట్‌లో నేను మామూలుగా ఫోన్లు, స్మార్ట్‌బ్యాండ్లు, ఇయర్‌బడ్స్ గురించి రాస్తుంటాను. ఈసారి రివ్యూ చేయబోయేది ఒక్క ప్రొడక్ట్ కాదు. ఫైటర్ల ఫిట్‌నెస్, డైట్ పద్ధతుల్ని మనలాంటి కుర్చీ ఉద్యోగాల వాళ్లు ఎంతవరకు వాడుకోవచ్చు, అందులో గ్యాడ్జెట్లు నిజంగా ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ మనల్ని మోసం చేస్తాయి అన్నది ఈ ఆర్టికల్. మొత్తం నా మీద, కొంచెం మా బాపు మీద చేసిన టెస్టింగ్.

ముందు నా స్పెసిఫికేషన్స్ చెప్తా. వయసు 26. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. వారంలో రెండు రోజులు హైదరాబాద్ ఆఫీసు, మిగతా రోజులు నారాయణఖేడ్‌లో ఇంటి నుంచే పని. ఎత్తు 173 సెంటీమీటర్లు, బరువు 84.2 కిలోలు, నడుము 98 సెంటీమీటర్లు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది. అంటే గత రెండు మూడు నెలల్లో రక్తంలో షుగర్ సగటున ఎలా ఉందో చెప్పే టెస్ట్. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీ డయాబెటిస్, 6.5 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే డయాబెటిస్. మా బాపు పదేళ్ల నుంచి షుగర్ గోళీలు వేసుకుంటున్నాడు. కాబట్టి ఆ రిపోర్ట్ చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నేను ఒక్కడినే కాదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే లెక్క ప్రకారం మన దేశంలో డయాబెటిస్ ఉన్నవాళ్లు దాదాపు 10.1 కోట్లు, ప్రీ డయాబెటిస్‌లో ఉన్నవాళ్లు దాదాపు 13.6 కోట్లు. ఇది చదివేవాళ్లలో కూడా చాలామంది ఆ లిస్టులో ఉండి ఉంటారు, టెస్ట్ చేయించుకోలేదు కాబట్టి తెలియదు, అంతే.

ఆరు రోజుల్లో 3 కిలోలు పోయాయి, మూడు రోజుల్లో తిరిగొచ్చాయి

అందరిలాగే నేను కూడా మొదట రీల్స్ మీద పడ్డాను. "ఛాంపియన్ బాక్సర్ కటింగ్ డైట్" అని ఒక రీల్ దొరికింది. రోజుకు ఒకే పూట తిండి, ఉప్పు బంద్, నీళ్లు సగం, మందపాటి జాకెట్ వేసుకుని చెమట కారేదాకా పరుగు. ఆరు రోజుల్లో 3.1 కిలోలు తగ్గాను. స్క్రీన్‌షాట్ తీసి ఫ్రెండ్స్ గ్రూప్‌లో కూడా పెట్టాను.

ఏడో రోజు పొద్దున మేడ మెట్లు ఎక్కుతుంటే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. ఆ తర్వాతి రోజు చుట్టాల పెళ్లి. మామూలుగా తిన్నాను, మామూలుగా నీళ్లు తాగాను. ఇంకో రెండు రోజులకు స్కేల్ ఎక్కితే 2.8 కిలోలు వెనక్కి వచ్చేశాయి!

ఎందుకిలా? మన ఒంట్లో పిండిపదార్థం గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజన్‌తో పాటు దాదాపు 3 గ్రాముల నీరు కూడా ఉంటుంది. తిండి, ఉప్పు, నీళ్లు ఒకేసారి తగ్గిస్తే ముందు పోయేది ఈ నిల్వలూ, నీరూ. కొవ్వు దాదాపు అక్కడే ఉంటుంది. బాక్సర్లకు ఆ నీటి బరువు తగ్గడమే కావాలి, ఎందుకంటే వాళ్లు గెలవాల్సిన మొదటి మ్యాచ్ తూకం మెషీన్‌తో. నాకు కావాల్సింది అది కాదు. ఈ తేడా తెలియకుండా వాళ్ల డైట్ కాపీ కొట్టడమే నేను చేసిన తప్పు.

నిఖత్ జరీన్: ఒకే మనిషి, మూడు బరువులు

మా ఖేడ్ దాటితే కామారెడ్డి జిల్లా, అది దాటితే నిజామాబాద్. నిఖత్ జరీన్ సొంతూరు. ఆమె కెరీర్‌ని అంకెల్లో చూడండి. 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ విభాగంలో ప్రపంచ ఛాంపియన్. 2017లో భుజం గాయంతో రింగ్‌కి దూరం. 2022 మేలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌లో స్వర్ణం, ఈసారి 50 కిలోల్లో. 2023లో ఢిల్లీలో మళ్లీ ప్రపంచ ఛాంపియన్, అదీ 50 కిలోల్లోనే.

52 నుంచి 50కి ఎందుకు దిగింది? పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగ్‌లో 52 కిలోల విభాగం లేదు. 50 ఉంది, ఆ తర్వాత నేరుగా 54. ఆమె 50 ఎంచుకుంది. 2024 ఆగస్టు 1న పారిస్‌లో చైనా బాక్సర్ వు యు చేతిలో ఓడిపోయింది. ఆ వు యునే తర్వాత స్వర్ణం గెలిచింది. బరువు సరిపెట్టుకోవడం కోసం ముందు రెండు రోజులు తిండీ నీళ్లూ మానుకోవాల్సి వచ్చిందని ఓటమి తర్వాత నిఖతే చెప్పింది. తర్వాత కొత్త ప్రపంచ సంఘం బరువు విభాగాలు మార్చాక, 2025 లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో ఆమె 51 కిలోల్లో దిగింది.

ఆ ఒలింపిక్స్‌లోనే ఆగస్టు 7న వినేశ్ ఫొగాట్ 50 కిలోల రెజ్లింగ్ ఫైనల్ ఆడాల్సిన రోజు పొద్దున 100 గ్రాములు ఎక్కువ తూగి అనర్హురాలైంది. 100 గ్రాములంటే మనం తాగే అర గ్లాసు నీళ్లు.

ఇక్కడ నాకు అర్థమైంది ఇదే. 52, 50, 51. ఒకే మనిషి, ఒకే ఆట, మూడు టార్గెట్లు. టార్గెట్ మారినప్పుడల్లా ఆమె తిండి లెక్క కూడా మారి తీరాలి. నిఖత్‌కే 2022 నాటి లెక్క 2024లో పనికిరాకపోతే, రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చునే నాకు అది ఎలా పనికొస్తుంది?

అయితే వాళ్ల దగ్గర మారనిది ఒకటుంది. టార్గెట్ ముందే రాసుకోవడం, రోజూ కొలవడం, కొలిచినదాన్ని బట్టి మార్చడం. బ్రూస్ లీ కూడా ఇంతే. 64 కిలోల మనిషి, ఏ రోజు ఏ వ్యాయామం ఎన్నిసార్లు చేశాడో కాగితం మీద రాసుకునేవాడు. 1964 చివర్లో ఓక్‌లాండ్‌లో వాంగ్ జాక్ మన్‌తో కొద్ది నిమిషాల ఫైట్‌లోనే ఆయాసం వచ్చిందని తన ట్రైనింగ్ మొత్తం తిరగరాసుకున్నాడు. పరుగు, స్కిప్పింగ్, బరువులు అన్నీ పెంచాడు. అదే మనిషి 1970లో భుజాల మీద బరువు పెట్టుకుని ముందుకు వంగే వ్యాయామం చేస్తూ నడుము దెబ్బతీసుకుని నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. అంత లెక్కగా ఉండే మనిషికే అలా అయిందంటే, మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి!

మా వైపు జాతరల్లో కుస్తీ పోటీలు జరుగుతుంటాయి. కొబ్బరికాయ కుస్తీతో మొదలై, వెండి కడియం కుస్తీతో ముగుస్తాయి. మా చిన్నతాత వయసులో ఉన్నప్పుడు వాటిలో దిగినవాడే. ఇదంతా ఆయనకు చెప్తే ఒక్క మాటలో తేల్చేశాడు: "పొద్దుమాపు తాలీం జేసినోనికి ఆ పాలు, బాదం అరుగుతయిరా. కుర్సీల కూసుండేటోనికి పొట్టకు వడ్తయి."

స్టెప్ 1: టార్గెట్ ఒక్క లైన్‌లో రాయండి

బాక్సర్‌కి టార్గెట్ ఇచ్చేది ఫెడరేషన్. మనకు ఎవరూ ఇవ్వరు, మనమే రాసుకోవాలి. "ఫిట్ అవ్వాలి" అనేది టార్గెట్ కాదు, కొలవలేం కదా. నేను రాసుకున్నది ఇది: 120 రోజుల్లో నడుము 98 నుంచి 92కి, హెచ్‌బీఏ1సీ 5.7 కిందికి. కిలోలు మొదటి టార్గెట్‌గా పెట్టుకోలేదు. ఎందుకంటే నీళ్లు తగ్గించి కిలోలు తగ్గించొచ్చని ఆ రీల్ నేర్పింది. నడుము టేపుని, హెచ్‌బీఏ1సీని అలా మోసం చేయలేం. మనవాళ్లలో మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే రిస్క్ ఎక్కువని డాక్టర్లు లెక్కేస్తారు.

120 రోజులే ఎందుకంటే, హెచ్‌బీఏ1సీ చూపించేది మూడు నెలల సగటు. నెల రోజులకే మళ్లీ టెస్ట్ చేయించుకుంటే పాత రోజుల షుగర్ కూడా అందులో కలిసి ఉంటుంది.

స్టెప్ 2: తిండి. ఇక్కడ హీరో 449 రూపాయల కిచెన్ స్కేల్

మొత్తం టెస్టింగ్‌లో నాకు ఎక్కువ ఉపయోగపడింది ఇదే. బ్లూటూత్ లేదు, యాప్ లేదు, రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే చాలు.

ముందు ఎంత తినాలో లెక్క. మిఫ్లిన్ సెయింట్ జియోర్ ఫార్ములా మగవాళ్లకు ఇలా ఉంటుంది: బరువు ఇంటూ 10, ప్లస్ ఎత్తు ఇంటూ 6.25, మైనస్ వయసు ఇంటూ 5, ప్లస్ 5. ఆడవాళ్లకు చివర్లో ప్లస్ 5 బదులు మైనస్ 161. నాకు వచ్చింది దాదాపు 1,800. అంటే ఏమీ చేయకుండా పడుకున్నా ఖర్చయ్యే క్యాలరీలు. వారంలో నాలుగు రోజులు వ్యాయామం చేస్తా కాబట్టి ఇంటూ 1.375 వేస్తే దాదాపు 2,475. అందులోంచి 400 దాకా తగ్గిస్తే 2,100 చుట్టూ. ఆ రీల్ చెప్పిన డైట్ లెక్క వేస్తే 900 కూడా దాటలేదు.

ఇప్పుడు ప్రోటీన్. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్ఐఎన్, మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు అంటుంది. నాకు 70 గ్రాములు. గట్టిగా వ్యాయామం చేసేవాళ్లకు 1.4 నుంచి 2 గ్రాముల దాకా అని అంతర్జాతీయ స్పోర్ట్స్ న్యూట్రిషన్ సొసైటీ చెప్తుంది. నేను బాక్సర్ని కాదు, పూర్తిగా కూర్చునేవాడినీ కాదు. అందుకే మధ్యలో 90 గ్రాములు పెట్టుకున్నా. రోజూ నా ప్లేట్ ఇలా ఉంటుంది. తూకాలన్నీ వండక ముందువి:

• జొన్నపిండి 150 గ్రాములు (రొట్టెలు): ప్రోటీన్ 15 గ్రాములు
• బియ్యం 80 గ్రాములు: 6
• కందిపప్పు 60 గ్రాములు: 13
• గుడ్లు నాలుగు: 26
• శనగలు 50 గ్రాములు, నానబెట్టి ఉడికించి: 9
• పల్లీలు 30 గ్రాములు: 7
• పాలు, పెరుగు కలిపి 400 మిల్లీలీటర్లు: 13

మొత్తం 89 గ్రాములు. కూరగాయలు, నూనె కలిపితే 2,100 క్యాలరీల దగ్గర తేలుతుంది. చికెన్ వండిన రోజు రెండు గుడ్లు తగ్గించి సరిచేసుకుంటా. ఇందులో ఖేడ్ సంతలో దొరకనిది ఒక్కటీ లేదు. ప్రోటీన్ పౌడర్ కొనలేదు. ఎన్ఐఎన్ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా వాటి జోలికి వెళ్లొద్దనే చెప్తున్నాయి.

ఇంకో ముఖ్యమైన విషయం. చాలా ఫిట్‌నెస్ యాప్స్‌లో "రోటీ" అని కొడితే గోధుమ రొట్టె లెక్క వస్తుంది. మన జొన్నరొట్టె సైజు వేరు, పిండి వేరు. అందుకే రొట్టెల సంఖ్య కాకుండా పిండి తూకం ఎంటర్ చేయండి. ఎన్ఐఎన్ వాళ్ల న్యూట్రిఫై ఇండియా నౌ యాప్‌లో మన తిండి పదార్థాల లెక్కలు ఉంటాయి. 2017లో వాళ్లు ప్రచురించిన ఆహార పట్టికల్లో 528 రకాల పదార్థాలు ఉన్నాయి. నేను కావాల్సిన 20 పదార్థాలు ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించుకున్నా, పని అయిపోయింది.

స్కేల్ పట్టించిన అసలు దొంగ మాత్రం నూనె. మా ఇంట్లో నలుగురం. నెలకు ఎన్ని ప్యాకెట్లు అయిపోతున్నాయని అమ్మని అడిగితే "ఐదు" అంది. లెక్కేస్తే మనిషికి రోజుకు 38 గ్రాములు. ఎన్ఐఎన్ 2,000 క్యాలరీల ప్లేట్‌లో నూనెకు ఇచ్చింది 27 గ్రాములు. అంటే ఎవరికీ తెలియకుండా రోజూ ఒక్కొక్కరం 100 క్యాలరీలు ఎక్కువ తింటున్నాం. అమ్మకు క్యాలరీల పాఠం చెప్పలేదు. "నెలకు మూడున్నర ప్యాకెట్లే తెస్తా, ఎట్ల సరిపెడ్తవో నీ ఇష్టం" అన్నా. మొదటి వారం తిట్టింది, తర్వాత సరిపెట్టింది.

స్టెప్ 3: వ్యాయామం. బాక్సింగ్ రౌండ్‌ని మన సైజుకి కుట్టించుకోవడం

అమెచ్యూర్ బాక్సింగ్‌లో బౌట్ అంటే 3 నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో ఒక్కో నిమిషం రెస్ట్. మొత్తం కొట్లాట 9 నిమిషాలే. వినడానికి చిన్నగా ఉంది కదా? నేను మొదటి రోజు స్కిప్పింగ్ రోప్‌తో 3 నిమిషాలు ట్రై చేశా. 70 సెకన్లకే చేతులెత్తేశా.

కాబట్టి స్ట్రక్చర్ ఉంచి నంబర్లు మార్చా. ఫోన్‌లో ఉచిత ఇంటర్వెల్ టైమర్ యాప్ పెట్టుకుని:

• 1 నుంచి 4 వారాలు: 1 నిమిషం పని, 1 నిమిషం రెస్ట్, ఎనిమిది రౌండ్లు
• 5 నుంచి 10 వారాలు: 2 నిమిషాల పని, 1 నిమిషం రెస్ట్, ఆరు రౌండ్లు
• 11 నుంచి 17 వారాలు: 3 నిమిషాల పని, 1 నిమిషం రెస్ట్, ఐదు రౌండ్లు

పని అంటే ఒక రౌండ్ స్కిప్పింగ్, ఒక రౌండ్ షాడో బాక్సింగ్, ఒక రౌండ్ దండీలు, బైఠక్‌లు. ఇలా వారంలో నాలుగు రోజులు, వార్మప్‌తో కలిపి అరగంట. మిగతా రోజులు 40 నిమిషాల నడక. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాల వ్యాయామం, రెండు రోజుల కండరాల పని ఇందులోనే కవర్ అవుతాయి.

ఆరో వారంలో ఒక దెబ్బ తగిలింది. సిమెంట్ మేడ మీద రోజూ ఎగరడంతో మోకాలి కింద ముందు ఎముక నొప్పి మొదలైంది. "ఇంకో వారం లాగిస్తే చాలు" అనిపించింది. కానీ నిఖత్ భుజం, బ్రూస్ లీ నడుము గుర్తొచ్చాయి. ఎనిమిది రోజులు స్కిప్పింగ్ ఆపేసి నడక, దండీలు మాత్రమే చేశా. తర్వాత మట్టి నేల మీద, షూస్ వేసుకుని మొదలుపెట్టా. నొప్పి తిరిగి రాలేదు. వాళ్లకు ఫిజియోథెరపిస్ట్ పక్కనే ఉంటాడు, మనకు ఉండడు. అందుకే మనం వాళ్లకంటే ముందే ఆగాలి.

బ్యాండ్ చెప్పేది ఎంతవరకు నమ్మొచ్చు?

నేను వాడింది 1,799 రూపాయల మామూలు బ్యాండ్. ఒక్కో ఫీచర్ ఇలా ఉంది.

హార్ట్ రేట్: బ్యాండ్ వెనక ఆకుపచ్చ లైట్ చర్మం కింద రక్తం పోటెత్తడాన్ని చూసి లెక్కేస్తుంది. కూర్చున్నప్పుడు, నడిచేటప్పుడు బాగానే ఉంది. షాడో బాక్సింగ్‌లో మణికట్టు ఊగుతుంటే మాత్రం తికమక పడుతుంది. ఒకసారి ఆయాసంతో రొప్పుతుంటే 94 చూపించింది, మెడ దగ్గర వేలు పెట్టి లెక్కేస్తే 150 దాటింది! మణికట్టు ఎముకకు రెండు వేళ్లు పైన బిగుతుగా పెట్టుకుంటే చాలావరకు సరయింది. పొద్దున లేవగానే ఉండే రెస్టింగ్ హార్ట్ రేట్ ట్రెండ్ మాత్రం బాగా పనికొచ్చింది.

క్యాలరీలు: దయచేసి నమ్మకండి. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు రిస్ట్ బ్యాండ్లను 60 మంది మీద టెస్ట్ చేశారు. ఏడింటిలో ఆరు హార్ట్ రేట్‌ని 5 శాతం తేడాలోపే చూపించాయి. క్యాలరీల్లో మాత్రం అన్నిటికంటే మంచిదే సగటున 27 శాతం తప్పు, అన్నిటికంటే చెత్తది 93 శాతం తప్పు. నా బ్యాండ్ అరగంట వ్యాయామానికి 412 క్యాలరీలు అంటుంది. "412 ఖర్చయ్యాయి కదా" అని రెండు సమోసాలు తింటే నా 400 లోటు మొత్తం హుష్‌కాకి. పైగా వ్యాయామాన్ని ఆ 1.375లోనే లెక్కేసేశాం, మళ్లీ కలపకూడదు.

స్టెప్స్: బ్యాండ్‌ని ఒక పూట అమ్మ చేతికి పెట్టా. పొయ్యి ముందు కూర్చుని పన్నెండు జొన్నరొట్టెలు తట్టి లేచేసరికి 400 పైన స్టెప్స్! కూర్చున్న చోటి నుంచి కదలనే లేదు. ఇంకోటి, 10 వేల స్టెప్స్ అనేది డాక్టర్లు కనిపెట్టిన అంకె కాదు. 1965లో జపాన్‌లో అమ్మిన మాన్‌పో కే అనే నడక మీటర్ పేరులోంచి వచ్చింది. దాని అర్థమే పదివేల అడుగుల మీటర్. మీ గత వారం సగటు చూసుకుని దానికి ఇంకో వెయ్యి, రెండు వేలు కలపండి చాలు.

స్మార్ట్ స్కేల్ (1,499 రూపాయలు): పాదాల నుంచి చిన్న కరెంట్ పంపి, వచ్చే నిరోధాన్ని బట్టి కొవ్వు శాతం అంచనా వేస్తుంది. ఒంట్లో నీళ్లు మారితే అంచనా కూడా మారుతుంది. ఒకే రోజు పొద్దున, రాత్రి చూస్తే 2 శాతం తేడా వచ్చింది. అందుకే రోజూ లేవగానే బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, ఏమీ తాగక ముందు ఎక్కండి. ఆ రోజు అంకె వదిలేసి ఏడు రోజుల సగటు మాత్రమే చూడండి. నిజం చెప్పాలంటే, సగం ధరకు దొరికే మామూలు డిజిటల్ స్కేల్ సరిపోయేది.

బాపు కథ: అదే పద్ధతి, వేరే టార్గెట్

నెల రోజులయ్యాక బాపు నా ప్లేట్ చూసి, "నువ్వు జేస్తున్నదే నేను గూడ జేస్త బిడ్డా. ఓ పూట తినుడు బంద్ వెడ్త" అన్నాడు. మొదటి వారం నేను చేసిన పిచ్చి పని గుర్తొచ్చి భయమేసింది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లా. ఆయన ఒక్కటే చెప్పాడు: ఈ గోళీలు వేసుకుని పూట ఎగ్గొడితే షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంది, కళ్లు తిరిగి పడిపోవచ్చు. షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు తిండిలో గానీ ప్రోటీన్‌లో గానీ ఏ మార్పు చేసినా డాక్టర్‌ని అడిగే చేయాలి.

బాపుకి బరువు టార్గెట్ వద్దన్నాడు డాక్టర్. తిన్న రెండు గంటలకు షుగర్ ఎంత ఉందన్నదే ఆయన టార్గెట్. మూడు పూటలూ తింటాడు. కంచంలో అన్నం సగం తగ్గి పప్పు, కూర పెరిగాయి. మధ్యాహ్నం, రాత్రి తిన్నాక 15 నిమిషాలు వాకిట్లో నడక. వారానికి మూడుసార్లు గ్లూకోమీటర్ రీడింగ్. మొదటి వారం సగటు 214, పదో వారం సగటు 168. గ్లూకోమీటర్ కూడా అచ్చంగా కరెక్ట్ చెప్పదు. 100 దాటిన రీడింగుల్లో 15 శాతం అటూఇటూ తేడాను ప్రమాణాలే ఒప్పుకుంటాయి. 168కి, 175కి పెద్ద తేడా లేదు. అక్కడ కూడా సగటే చూడాలి.

ఈ మధ్యలో బాపు ఫోన్‌లో ఒక యాడ్ చూపించాడు. సూది గుచ్చకుండా షుగర్ చూపించే వాచ్, 2,499 రూపాయలు. "వేళ్లకు పొడుసుకునుడు తప్పుతది గదా" అన్నాడు పాపం. ఫ్రెండ్స్, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. చర్మానికి గుచ్చకుండా షుగర్ కొలుస్తామని చెప్పే వాచ్‌లు, రింగులు వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అలాంటి దేనికీ అనుమతి ఇవ్వలేదని చెప్పింది. తప్పు రీడింగ్ చూసి గోళీ ఎక్కువ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో ఇలాంటి యాడ్స్ తిరుగుతుంటే కూర్చోబెట్టి చెప్పండి.

120 రోజుల తర్వాత నా రిజల్ట్

• బరువు: 84.2 నుంచి 78.9 కిలోలు
• నడుము: 98 నుంచి 91 సెంటీమీటర్లు
• రెస్టింగ్ హార్ట్ రేట్: 82 నుంచి 71
• హెచ్‌బీఏ1సీ: 5.9 నుంచి 5.6

వారానికి సగటున 300 గ్రాములే తగ్గాను. ఆ రీల్ ఆరు రోజుల్లో చూపించిన దానికి నాకు పది వారాలు పట్టింది. కానీ ఈసారి పెళ్లిళ్లకు వెళ్లొచ్చినా తిరిగి రాలేదు. సిక్స్ ప్యాక్ రాలేదు, ఫొటో పెట్టేంత తేడా కూడా లేదు. 5.6 అంటే గీతకు ఒక్క అడుగు ఇవతల ఉన్నట్టు. వదిలేస్తే మళ్లీ అటే వెళ్తుంది.

ఏం కొనాలి, ఏం వద్దు?

• కిచెన్ స్కేల్ (449): కళ్లు మూసుకుని కొనండి.
• దర్జీ టేపు (30): అందరికీ అవసరం.
• స్కిప్పింగ్ రోప్ (250): మోకాళ్ల నొప్పులు లేకపోతేనే. మట్టి నేల చూసుకోండి.
• స్మార్ట్‌బ్యాండ్ (1,799): ఉంటే మంచిది. రెస్టింగ్ హార్ట్ రేట్, నిద్ర టైమ్ ట్రెండ్ కోసం. క్యాలరీల స్క్రీన్ సెట్టింగ్స్‌లో తీసేయండి.
• స్మార్ట్ స్కేల్ (1,499): అక్కర్లేదు. మామూలు స్కేల్ చాలు.
• షుగర్ చూపించే వాచ్: ఉచితంగా ఇచ్చినా వద్దు.

నేను పెట్టిన ఖర్చు మొత్తం 4,027 రూపాయలు. మొదటి మూడింటితోనే మొదలుపెడితే 729. ఇంట్లో మామూలు బరువు మెషీన్ ఉంటే ఇంకేం కొనక్కర్లేదు.

చివరగా

రేపు ఏ ఛాంపియన్ డైట్ వీడియో కనిపించినా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ మనిషి ఏ తూకం కోసం, ఏ తేదీ కోసం ఇలా తింటున్నాడు? ఆ తూకం, ఆ తేదీ మీవి కాకపోతే ఆ ప్లేట్ కూడా మీది కాదు. నిఖత్ దగ్గర నేను తీసుకున్నది టార్గెట్ రాసుకుని, రోజూ కొలిచి, వారానికోసారి మార్చుకునే అలవాటు ఒక్కటే.

మా ఇంట్లో ఫ్రిజ్ డోర్ మీద ఇప్పుడు ఒక కాగితం ఉంటుంది. ఎడమ వైపు నా నడుము, కుడి వైపు బాపు షుగర్. ఆదివారం ఆదివారం ఎవరిది వాళ్లు రాస్తాం. మొన్న బాపు తన అంకె రాసి, నా వైపు చూసి, "ఈ వారం నీది తగ్గలే గదరా, సమోసాలు దిన్నవా?" అన్నాడు. తిన్నాను. రెండు.